ప్రజ్ఞ కోసం వేసిన రుమాలు

పొద్దున్నే మా ఊరి స్టేషన్లో రాతి బెంచీ మీద చోటు దొరకడమంటే మాటలు కాదు. స్టేషను బజారు నడిబొడ్డున ఉంది. ఆఫీసులవాళ్లకీ, కాలేజీ పిల్లలకీ, కూరల గంపలవాళ్లకీ అందరికీ ఆ ఒక్క లోకలే దిక్కు. అందుకని ముందొచ్చినవాళ్లు తమవాళ్ల కోసం పక్కన రుమాలు వేసి ఉంచుతారు. బస్సులో వేసిన రుమాలుకి పూచీ లేదు గానీ, ఈ స్టేషన్లో వేసింది వేరు. ఎవరి కోసం వేశారో వాళ్లు తీస్తేనే వస్తుంది. గాలికి ఎగరదు, వేసినవాడు లాగినా రాదు. ఊరందరికీ తెలిసిన సంగతే కాబట్టి, తప్పకుండా వచ్చేవాళ్లకే వేస్తారు.

లక్ష్మీనరసింహం ఒక్కడే పొరబడ్డాడు.

ఆయన ఆఫీసు అనకాపల్లిలో, కూతురు ప్రజ్ఞ ఉద్యోగం విశాఖపట్నంలో. రోజూ ఆయన ముందొచ్చి చోటుంచితే, ఆమె స్కూటీ స్టాండులో పడేసి పరుగున వచ్చేది. ఒకరోజు ప్రజ్ఞ, ఆయన వద్దన్నా వినకుండా, తను ఇష్టపడ్డ దిలీప్‌ని రిజిస్టరాఫీసులో పెళ్లి చేసుకుని విశాఖలో కాపురం పెట్టేసింది. మర్నాడు పొద్దున్న ఆయన, తనకి కూతురు లేదని భార్యతో తెగేసి చెప్పి స్టేషనుకొచ్చి, చేతి అలవాటు కొద్దీ పక్కన రుమాలు పరిచాడు. తెలివొచ్చి లాగితే ఏముంది, రాతికి అతుక్కుపోయి ఉంది.

వేసవి పోయి చెరుకు నరికే రోజులొచ్చాయి. ఎవరూ చూడకుండా లాగుతున్నానని ఆయన అనుకునేవాడు. అందరూ చూసేవారు, చూడనట్టు నిలబడేవారు. ఇంట్లో పౌరుషం, స్టేషన్లో రుమాలు. ఊరి మధ్యలో కడుపు చించుకున్నట్టే ఉండేది ఆయనకి.

ప్లాట్‌ఫాం మీద ఉడకబెట్టిన వేరుశనక్కాయలమ్మే సన్యాసమ్మ మాత్రం ఒకరోజు ఊరుకోలేకపోయింది.

"ఊరికే సేతులు నొప్పెట్టుకుంటావేటి బాబూ? ఆ గుంట, నీ కూతురొచ్చి తియ్యాల. కబురెట్టు."

"నాకు కూతురు లేదే."

"మరెవులికేసేవు?"

ఆయన బండెక్కేశాడు. కబురు సన్యాసమ్మే పంపింది.

ఒక సోమవారం ఆయన వచ్చేసరికి బెంచీ దగ్గర ప్రజ్ఞ నిలబడి ఉంది. బాగా చిక్కిపోయింది.

"దిలీప్‌కి ట్రాన్స్‌ఫరైంది నాన్నా. రేపు పూణే వెళ్లిపోతన్నాం. ఇది నీకు తలవంపుగా ఉందంట కదా. తీసేసి పోదామని వచ్చేను."

వంగి కొస పట్టుకుంది. ఆయన గోళ్లు విరిగేలా లాగినా రాని రుమాలు ఇట్టే లేచి ఆమె చేతిలోకి వచ్చేసింది. కింద రాయి కొత్తగా ఉంది. వెనకాల నిలబడినవాళ్లెవరో చోటు ఖాళీ అయిందని ఒకడుగు ముందుకేశారు.

లక్ష్మీనరసింహానికి భయం వేసింది. పరువు తీస్తోందని ఇన్నాళ్లూ తిట్టుకున్నాడు గానీ, కూతురిది అంటూ తన దగ్గర మిగిలింది ఆ చోటొక్కటే. అదీ పోతే ఇంక నిజంగానే ఏమీ లేదు. బండి వస్తున్న చప్పుడు వినిపించింది. ఆయన ఆమె చేతిలోంచి రుమాలు తీసుకుని, అంతమందీ చూస్తుండగా, ముడతలు లేకుండా మళ్లీ అక్కడే పరిచాడు.

"నేను వెళ్లిపోతన్నాను కదా నాన్నా," అంది ప్రజ్ఞ.

"వచ్చినప్పుడు నువ్వే తీద్దువుగాని," అన్నాడాయన.