మూడో నంబరు

ఏడాది చివర టీవీవాళ్ళు "జనం మెచ్చిన పది" అని డప్పు కొడతారు. ఆ జనం ఎవరో ఎవరికీ తెలియదు. ఊళ్ళో ఏవో కొన్ని ఇళ్ళు పట్టుకుంటారు. టీవీ పక్కన టిఫిను డబ్బా అంత నల్లపెట్టె ఒకటి పెడతారు. ఇంట్లో మనిషికో నంబరు. టీవీ ముందు కూర్చున్నవాళ్ళు చిన్న రిమోటు మీద తమ నంబరు నొక్కాలి. పెట్టె మీద వాళ్ళ దీపం వెలుగుతుంది. కాసేపయ్యాక ఆ దీపం మిణుకు మిణుకుమంటుంది. ఇంకా ఉన్నావా అని అడగడమన్నమాట. నొక్కితే ఉన్నట్టు, నొక్కకపోతే ఆరిపోతుంది. ఆ కాసిని ఇళ్ళ దీపాలు లెక్కేసి ఊరంతా ఇదే చూసిందని తేల్చేస్తారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదా అంటారు. మెతుకు సంగతి ఎవడడిగాడు?

చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే ఆవిడ ఇంట్లో అలాంటి పెట్టె ఒకటుంది. ఒకటో నంబరు ఆమె మొగుడిది. గేట్లు, గ్రిల్లులు వెల్డింగు చేస్తాడు. రెండోది ఆమెది. మూడోది కూతురిది. ఆ పిల్ల వానాకాలంలో జ్వరమొచ్చి చచ్చిపోయింది. మూడో దీపం మాత్రం రోజూ సాయంత్రం వెలుగుతూనే ఉంది.

వెలిగిస్తున్నది తల్లే. ఫ్యాక్టరీ నుంచి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా టీవీ పెట్టి, రెండు నొక్కి మూడు నొక్కుతుంది. రిమోటు మీద మూడు అంకె అరిగిపోయి తెల్లటి మచ్చ మిగిలింది.

పిల్లని తండ్రి పిడుగు అని పిలిచేవాడు. పేరుకు తగ్గట్టే ఇంటి కప్పు ఎగరగొట్టేది. దానికి ఒక యానిమే మీద ప్రాణం. బయటి దేశం వాళ్ళు బొమ్మలు గీసి తీసింది, మన భాషలోకి మార్చి వేస్తారు. మూగబోయిన గంటల్ని బాగుచేస్తూ ఊరూరా తిరిగే పిల్ల కథ. ఆ పిల్ల వెనకాలే ఒక కుంటిబాతు నడుస్తూ ఉంటుంది. చిట్టచివరి ఊళ్ళో పగిలిపోయిన పెద్దగంట ఉందట. అది మోగుతుందా మోగదా అన్నదే కథంతా.

"ఆ బొమ్మలు కట్టేసి తిండి తిను," అనేవాడు తండ్రి.

"బొమ్మలు కాదు నాన్నా, యానిమే! ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఏదో ఒకటి. ఆ గంట మాత్రం మోగదే. కంచు పగిలితే అతకదు. మంట తగిలిస్తే ఇంకో చోట చీలుతుంది. వెల్డరు చెప్తున్నాడు, రాసుకో."

"మోగుతుంది. పందెం! మోగితే నువ్వు జన్మలో బొమ్మలు అనకూడదు. యానిమే అనాలి."

పందెం అలాగే ఉండిపోయింది.

అంతకుముందు ఏడాది పిల్ల చూసే ఇంకో కథని చూసేవాళ్ళు లేరని మధ్యలో ఆపేశారు. ఆ సంగతి చెప్పింది పెట్టె చూసుకోవడానికి వచ్చే మీటరతను. ఆ రోజు నుంచి పిల్లకి నంబరు పిచ్చి పట్టింది. కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడి "అమ్మా, నా నంబరు మిణుకుమంటోందేమో చూడు!" అని వీధంతా వినపడేలా అరిచేది. ఆస్పత్రి బెంచీ మీద ఒళ్ళు కాలిపోతున్నప్పుడు కూడా అదే మాట. "అమ్మా, ఇంటికెళ్ళి నా నంబరు నొక్కిరా. లేకపోతే ఆపేస్తారు." తల్లి కదల్లేదు. ఆ రాత్రికే పిల్ల పోయింది.

కర్మ కాలి ఆమె మూడు నొక్కడం మొగుడు ఒకసారి చూశాడు. "ఎవర్ని మోసం చేస్తున్నావే? ఆ పెట్టెనా, నిన్ను నువ్వా?" అన్నాడు.

"నువ్వు నోరు ముయ్యి. అది చెప్పిన పని చేస్తున్నా."

అప్పట్నుంచి ఆ వేళకి చొక్కా తగిలించుకుని వీధి చివరికి పోయి నిలబడేవాడు. యానిమే చివరి పాట అయిపోయిందని తెలిశాకే ఇంటికొచ్చేవాడు.

ఏడాది చివరి ఆదివారం మధ్యాహ్నం మీటరతను వచ్చాడు. వానల ముందు అతన్ని వేరే పేటకి మార్చారు. ఇన్నాళ్ళూ ఫోన్లోనే "అంతా బాగేనా అక్కా" అనేవాడు, ఆమె "బాగే" అనేది. ఇప్పుడు మళ్ళీ ఈ వాడ ఇచ్చారట.

"అక్కా! బావగారు కూడా ఇంట్లోనే ఉన్నారే! సూర్యుడు పడమట పొడిచాడా ఏంటి? కోడలుపిల్ల ఏదీ? దానికో కబురు తెచ్చా."

"ట్యూషన్‌కెళ్ళింది," అంది తల్లి.

"ఆదివారం కూడా ట్యూషనా? పిల్లని బతకనివ్వరా మీరు?"

అతనొక్కడే నవ్వాడు. వెల్డరు గోడవైపు తిరిగి మంచినీళ్ళు తాగాడు.

మీటరతను తనే టీవీ పెట్టాడు. తళతళలాడే కోటు వేసుకున్న మనిషి ఒకడు పదో నంబరు నుంచి పైకి లెక్క చదువుతున్నాడు. పది, పాటల పోటీ. "తొమ్మిది! ఈ జాబితాలోకి మొట్టమొదటిసారి ఒక యానిమే!" అన్నాడు కోటువాడు. తెర మీద కుంటిబాతు నడిచింది.

మీటరతను తొడ చరిచాడు. "చూశావా అక్కా! ఇందులో సగం పుణ్యం మన పిల్లదే. మా ఆఫీసులో దాని గురించే మాట్లాడుకుంటున్నారు. ఒకట్రెండు పూటలు తప్ప ఎప్పుడూ మానలేదట. దాని వయసు ఆడపిల్లలున్న ఇళ్ళు మాకు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. అందుకని మన పిల్ల ఒక్కతే ముప్పై వేలమందికి సమానం."

"ఎంతమందికీ?" అన్నాడు వెల్డరు. మీటరతను వచ్చాక అతను అన్న మొదటి మాట అది.

"ముప్పై వేలు బావగారూ! చిన్న ఊరంత!"

తల్లికి ఆస్పత్రి బెంచీ గుర్తొచ్చింది. చేతిలో టోకెను. కిటికీ వెనక మనిషి తలెత్తలేదు. "పిలుస్తాం, కూర్చోండి." పొద్దున్నుంచి ఎండ వాలేదాకా అదే మాట. పిల్ల బెంచీ మీంచి కిందికి జారాక గానీ ఒక్కడూ లేచి రాలేదు. అక్కడ ఆ పిల్ల ఒక్క మనిషిగా కూడా లెక్కకి రాలేదు. ఇక్కడ చచ్చిపోయి ముప్పై వేలమంది అయింది. ఈ లోకానికి లెక్కలు రావని ఎవడన్నాడు? బాగా వచ్చు. ఎవర్ని ఎప్పుడు లెక్కపెట్టాలో ముందే తేల్చుకుంటారు, అంతే.

మీటరతను ఫోను తీశాడు. "ఒక చిన్న పని అక్కా. ఏడాది మారుతోంది కదా, అందరి వయసులూ పైకి జరపాలి. కోడలుపిల్లకి పదిహేను వస్తాయి. ఇక చిన్నపిల్లల్లో ఉండదు, పెద్దపిల్లల గుంపులో వేస్తారు. ఎలా ఉంది? ఎత్తు పెరిగిందా? అమ్మని దాటేసిందా?"

తల్లి నోరు తెరిచింది. ఇన్నాళ్ళూ అబద్ధం సులువుగానే వచ్చింది. ట్యూషన్‌కెళ్ళింది, పడుకుంది, స్నేహితురాలింట్లో ఉంది. అవన్నీ పిల్ల చేసే పనులే. కానీ పదిహేనేళ్ళ పిల్ల ఎలా ఉంటుంది? జడ ఎక్కడిదాకా వస్తుంది? భుజం ఎంత? గౌనుకి గుడ్డ ఎంత పడుతుంది? కొలత లేకుండా ఆమె ఎన్నడూ గుడ్డ మీద కత్తెర పెట్టలేదు. అబద్ధానికి కూడా కొలత కావాల్సొచ్చింది.

"దానికి పదిహేను రావు తమ్ముడూ," అంది.

"మనం వద్దంటే వయసు ఆగుతుందా అక్కా?"

"ఆగింది."

అతని నవ్వు సగంలో నిలబడిపోయింది. వెల్డరు వైపు చూశాడు. గుమ్మం వైపు చూశాడు. పెద్ద చెప్పులు రెండు జతల పక్కన చిన్న చెప్పులు ఒక జత, దుమ్ము పట్టి ఉన్నాయి. చెప్పులు లేకుండా ట్యూషన్‌కి ఎవరెళ్తారు?

"ఎప్పుడు?" అన్నాడు.

"వానల్లో. జ్వరం."

అతను కుర్చీ దిగి నేల మీద కూర్చున్నాడు. "మామయ్య మామయ్య అని నా బ్యాగంతా గాలించేది," అన్నాడు. "నాకొక్క మాట చెప్పలేదేం అక్కా?"

"చెప్తే నంబరు తీసేస్తావుగా."

"తీసెయ్యాలి మరి. తీయకపోతే నా ఉద్యోగం పోతుంది, పోతే పోయింది. కానీ వచ్చే ఏడాదికి పదిహేనేళ్ళ పిల్లని నేనెక్కణ్ణుంచి తేను? ఆ పై ఏడాది పదహారు. ఎన్నేళ్ళు పెంచుతావక్కా దాన్ని ఈ పెట్టెలో?"

"కథ అయ్యేదాకా. పెద్దగంట ఊరు ఇంకా రాలేదు. ఇప్పుడు తీసేస్తే ఆపేస్తారు. ఆపరని చెప్పు, తీసెయ్."

ఆపరని ఒక్క మాట అంటే సరిపోయేది. అతను అనలేదు. "నాకు తెలీదక్కా," అన్నాడు.

టీవీలో పది పూర్తయింది. అత్త మూడుసార్లు చచ్చి బతికిన సీరియలు మొదటిదట. తొమ్మిదో నంబరు దక్కిన సంబరానికి గంటల పిల్ల కథలో నిన్నటి భాగం మళ్ళీ వేస్తున్నామన్నాడు కోటువాడు. పాట మొదలైంది. వెల్డరు చెయ్యి అలవాటుగా చొక్కా దాకా వెళ్ళింది. చొక్కా కొక్కేనికే ఉంది, చెయ్యి కిందికి దిగింది. గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

తల్లి రిమోటు తీసుకుంది. రెండు నొక్కింది. మీటరతని మొహం చూసి మూడు నొక్కింది. అతను వద్దనలేదు.

ముగ్గురూ చూశారు. తెర మీద పిల్ల కొండదారిలో గంట మోసుకుని పోతోంది. బాతు వెనకబడుతోంది, పిల్ల ఆగుతోంది. అంతే, ఆ రోజు కథలో ఇంకేమీ జరగలేదు.

పెట్టె మీద దీపాలు మిణుకుమన్నాయి. తల్లి రెండు నొక్కింది. బొటనవేలు తెల్లమచ్చ మీదకి వచ్చి ఆగింది. దీపం అడుగుతోంది. ఉన్నావా. ఉన్నావా. మీటరతను తల వంచుకున్నాడు. తల్లి వేలు నొక్కలేదు. మూడోది ఇంకో రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది. అప్పుడు ఏడ్చింది ఆమె, పిల్ల పోయిన రోజు కూడా ఏడవనంతగా.

మీటరతను ఫోనులో చెయ్యాల్సిన పని చేసేశాడు. వెళ్తూ గుమ్మం దగ్గర చిన్న చెప్పుల్ని తొక్కకుండా పక్కనుంచి దాటాడు.

మర్నాడు సాయంత్రం ఆమె ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి మొగుడు అప్పటికే ఇంట్లో ఉన్నాడు. అతని చేతులకి కాలిన ఇనుము వాసన ఇంకా వదల్లేదు. ఆమె రెండు నొక్కి రిమోటు కింద పెట్టింది. అతను తీసుకుని వెతికి వెతికి ఒకటి నొక్కాడు.

"నలభై దాటిన మగాడు ఇది చూస్తున్నాడంటే పెట్టె పాడైందనుకుంటారు," అంది ఆమె.

"అనుకోనీ. నేను ఎంతమందికి సమానమట?"

"నీలాంటివాళ్ళు బోలెడుమంది ఉంటారు. ఏ వందమందికో."

"ఆ మాత్రం చాల్లే." కాసేపు తెర వంక చూశాడు. "ఆ బాతు కుంటుతోందేం?"

"మొదట్నుంచీ చెప్పాలి. మూడో ఊళ్ళో గంట దాని కాలు మీద పడింది."

"చెప్పు."

చెప్పింది. కూతురు చెప్పగా విన్నది కొంత, తనొక్కతే చూసింది కొంత. అతను మధ్యలో ఆపి అడిగాడు, "అయితే ఈ బొమ్మల్లో చివరికి..."

"బొమ్మలు కాదు," అంది ఆమె. "యానిమే."

అతను తెర మీంచి చూపు తిప్పలేదు.

"గంట మోగనీ," అన్నాడు. "మోగితే అంటా."