డీజిల్ తిన్న పురుగు

ట్యాక్సీ స్టాండులో డ్రైవర్లందరూ ఆవిడను పెద్దక్క అని పిలిచేవారు. భర్త పోయాక ఆయన నడిపిన డీజిల్ కారునే తీసుకుని రోడ్డెక్కిన మనిషి ఆవిడ. ఆ స్టీరింగ్ పట్టుకునే కొడుకును చదివించింది, పెళ్లి చేసింది. కొండ మీది ఆసుపత్రికి వెళ్లే ఎత్తు రోడ్డులో రోగి నడుము కదలకుండా తీసుకెళ్లాలంటే పెద్దక్క కారే ఎక్కాలని ఊళ్లో పేరు.

అలాంటి మనిషి మోకాలి ఆపరేషన్‌తో మంచాన పడింది. కారు సగం ట్యాంకు డీజిల్‌తో వానాకాలమంతా షెడ్డులోనే ఉండిపోయింది. కాలు కుదుటపడ్డాక ఆవిడ మళ్లీ స్టాండుకు వెళ్లింది కానీ, ఆ వారంలోనే కొండ రోడ్డు మలుపులో ఇంజన్ దగ్గి ఆగిపోయింది. కారు వెనక్కి జారబోతుంటే హ్యాండ్‌బ్రేక్ లాగి ఆపింది. మెకానిక్ ఫిల్టర్ మార్చాడు. నాలుగు రోజులు బాగానే నడిచి, మళ్లీ అదే రోడ్డులో ఆగింది.

ఆపరేషనైన కాలితో పెద్దక్క ఇక నడపలేదని స్టాండులో గుసగుసలు మొదలయ్యాయి. ఇంట్లో కొడుకు సూటిగానే అన్నాడు.

"చాల్లేమ్మా. కారుకీ వయసైపోయింది, నీకూ అయిపోయింది. అమ్మేద్దాం."

ఎవరేమన్నా ఠపీమని బదులిచ్చే ఆవిడ ఈసారి తాళాలు తీసుకుని షెడ్డుకు వెళ్లిపోయింది. ఆ సాయంత్రం కోడలు ఆఫీసు నుంచి వచ్చేసరికి అత్తగారు షెడ్డులో, ఇంజన్ ఆపిన కారులో కూర్చుని, ఆక్సిలరేటర్‌ను మాటిమాటికీ తొక్కి చూసుకుంటోంది.

"ఏం చేస్తున్నారత్తయ్యా?"

"కాలు సరిగా ఆనడం లేదేమో అమ్మాయ్. నాకు తెలీకుండానే వదిలేస్తున్నానేమో."

ఆ గొంతులో అంత బెరుకు కోడలు ఎన్నడూ వినలేదు. ఆమెది ఊరికి నీళ్లు వదిలే ముందు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం. మర్నాడు సెలవు పెట్టి మెకానిక్‌ను షెడ్డుకు పిలిపించి, అత్తగారితో పాటు తనూ దగ్గరుంది.

మెకానిక్ ఫిల్టర్ విప్పి మొహం చిట్లించాడు. "మళ్లీ నల్లగా అయిపోయిందక్కా. బంకులో కల్తీ పోస్తున్నారు."

కోడలు చేతికి గ్లౌజు తొడుక్కుని ఆ నలుపును వేళ్ల మధ్య రుద్దింది. "మట్టయితే గరగరలాడాలి కదన్నా? ఇది జిగురుగా జారుతోంది. ట్యాంకు అడుగు నుంచి కాస్త డీజిల్ తీసిస్తావా?"

గాజు సీసాలో పట్టి గట్టు మీద పెట్టారు. టీలు తాగేసరికి సీసాలో పైన డీజిల్, కింద నీళ్లు విడివిడిగా తేరుకున్నాయి. రెండింటి మధ్య పాల మీద మీగడలా గోధుమరంగు పొర ఒకటి కట్టింది.

"ఇది మురికి కాదత్తయ్యా. ప్రాణమున్నది. కంటికి కనపడని సూక్ష్మజీవులు పెరిగి పెరిగి ఇలా తెట్టు కట్టాయి."

"డీజిల్‌లో పురుగులా? తాగితే మనం చస్తాం కదమ్మా!" అన్నాడు మెకానిక్.

"మనం చస్తాం. వాటికి మాత్రం అదే భోజనం. సగం ఖాళీ ట్యాంకు కదా, లోపలి గాలిలోని చెమ్మ గోడలకు పట్టి, నీరై అడుగుకు చేరింది. నీళ్లలో కాపురం, పైనున్న డీజిల్‌తో విందు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ ఎక్కువ డీజిల్ లాగుతుంది. అప్పుడు ఈ తెట్టు వచ్చి ఫిల్టర్‌కు అడ్డం పడుతోంది."

అత్తగారు సీసా వంకే చూస్తూ అడిగింది. "అంటే... నా కాలు కాదా?"

"కాలికీ దీనికీ సంబంధమేంటి అత్తయ్యా? ఆ మలుపులో కారు జారకుండా ఆపింది మీ చేతులూ కాళ్లే కదా!"

ఆవిడ పకపకా నవ్వి, వెంటనే అటు తిరిగి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

పెద్ద జనరేటర్లలో ఇలాంటిది వస్తుందని మెకానిక్ విన్నాడు. వాటిని చూసుకునే స్నేహితుణ్ని అడిగి, ఆ సూక్ష్మజీవులను చంపే మందు తెచ్చాడు. ఆదివారం ట్యాంకు కిందికి దింపారు. చెడిన డీజిల్‌ను క్యాన్లలోకి తోడి పక్కన పెట్టారు. ట్యాంకులో కొంచెం మంచి డీజిల్ పోసి, ఇనుప గొలుసు ముక్క వేసి, మూత బిగించి, అత్తాకోడళ్లు చెరోవైపు పట్టుకుని వాకిట్లో దొర్లించారు. గొలుసు గోడలను గీకుతుంటే లోపలి పాచి పెచ్చులుగా ఊడింది. కుళ్లిన వాసనకు కొడుకు ముక్కు మూసుకుని బయటికొచ్చాడు.

"ఏంటీ కంపు?"

"నువ్వు అమ్మేద్దామన్న కారుకు తలంటు పోస్తున్నాం. వచ్చి ఓ చెయ్యి వెయ్యి," అంది తల్లి.

కడిగారు, ఎండబెట్టారు, బిగించారు. కొత్త డీజిల్ నిండుగా పోసి మందు కలిపారు. కోడలు ముందే హెచ్చరించింది. "గొట్టాల్లో మిగిలినవి ఈ మందుకు చచ్చి కొట్టుకొస్తాయి. ఫిల్టర్ ఇంకోసారి మూసుకుపోవచ్చు. కంగారు పడకండి." అది ఎలా మార్చాలో మెకానిక్ దగ్గరుండి నేర్పాడు. పెద్దక్క చేతులు నల్లబడేదాకా విప్పి బిగించి నేర్చుకుంది.

కోడలు చెప్పినట్టే అయింది. రిటైరైన టీచరుగారిని కంటి పరీక్షకు తీసుకెళ్తుంటే కొండ రోడ్డులో ఇంజన్ మళ్లీ నీరసించింది. పెద్దక్క కారును పక్కకు తీసి, చక్రం వెనక రాయి పెట్టి, బానెట్ ఎత్తింది. కింద నుంచి వస్తున్న స్టాండు ట్యాక్సీ ఆగింది.

"ఏమైందక్కా? టీచరుగారిని నా బండిలో ఎక్కించమంటావా?"

"అక్కర్లేదు. చచ్చినవాళ్లను సాగనంపుతున్నా, అంతే."

కొత్త ఫిల్టర్ బిగించి, చేతి పంపు నొక్కి నొక్కి డీజిల్ గొట్టంలోని గాలి బయటికి పోయేదాకా కొట్టింది. తాళం తిప్పగానే ఇంజన్ గుర్రుమని అందుకుంది. టీచరుగారు ఆశ్చర్యపోయి అడిగారు.

"ఈ పని ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"విప్పడం బిగించడం మెకానిక్ నేర్పాడండీ. రోగమేంటో కనిపెట్టింది మాత్రం మా కోడలు. ఊరంతటి నీళ్లూ పరీక్షించే పిల్ల, మా కారు ట్యాంకూ చూసింది," అంది పెద్దక్క. ఆ 'మా కోడలు' అన్న మాట ఆగి ఉన్న ట్యాక్సీలోకి కూడా వినిపించేలా అంది.

ఆసుపత్రి గేటు దాకా కారు ఒక్క కుదుపు లేకుండా ఎక్కింది.

మర్నాడు స్టాండులో పాత డీజిల్ కార్లున్నవాళ్లంతా తలో గాజు సీసా తెచ్చి పెద్దక్క చుట్టూ మూగారు. ఆవిడ ఒక్కో సీసానూ ఎండకు ఎత్తి పట్టి, నీళ్లెక్కడ, డీజిలెక్కడ అని డాక్టరులా చూసి చెప్పింది. అంతుబట్టనివి పక్కన పెట్టి, "ఇవి మా అమ్మాయికి చూపించి చెప్తా," అంది.

ఆ వారం ఒకరోజు కొడుకు ఆఫీసుకు ఆలస్యమై, "అమ్మా, నన్ను కాస్త దింపుతావా?" అంటూ ముందు తలుపు తీయబోయాడు.

పెద్దక్క లోపలి నుంచి చెయ్యి అడ్డం పెట్టింది. "వెనక కూర్చోరా. ముందు సీటు మా కోడలిది."