మిమ్మల్ని కాదండీ

మా షాపులో మనుషులకు పేర్లుండవు, సెక్షన్లుంటాయి. గొడుగుల దగ్గర నిలబడే ఆవిడ గొడుగు. సంచుల దగ్గర పనిచేసిన అమ్మాయి, ఉన్నన్నాళ్ళూ, సంచి. నేను పన్నెండేళ్ళుగా చెప్పుల దగ్గర ఉన్నాను కాబట్టి నేను చెప్పు. ఈ పేర్లు పెట్టినవాడు మా మేనేజరు. వాడొచ్చి ఏడాది అయింది. చేతిలో ఎప్పుడూ ఒక స్టీలు స్కేలు ఉంటుంది. అరలో జతకీ జతకీ మధ్య ఎడం సమానంగా ఉందో లేదో దానితో కొలుస్తాడు, లేకపోతే దానితోనే బల్లమీద కొడతాడు. అందుకని మేమూ వాడికి స్కేలు అని పేరు పెట్టుకున్నాం. వాడు మా పేర్లు నోరారా పిలుస్తాడు, మేం వాడి పేరు లోలోపల పిలుచుకుంటాం. ఇక్కడ వాడు, వీడు అంటున్నాను గానీ షాపులో సార్ అనే అంటాను. అనకపోతే ఎలా?

నాకూ వాడికీ మొదటి రోజే చెడింది. నేను పెట్టెలు సర్దుకుంటుంటే వెనక నుంచి "ఏయ్, చెప్పూ" అన్నాడు. ఏదో అడుగుతున్నాడనుకుని వెనక్కి తిరిగి, ఏం చెప్పాలి సార్ అన్నాను. చుట్టుపక్కల ఉన్నవాళ్ళంతా ఫక్కున నవ్వారు. నేను వెటకారం చేశాననుకున్నాడు వాడు. ఒట్టు, నాకు అప్పటికప్పుడు అంత తెలివి పుట్టుకొచ్చేదే అయితే పన్నెండేళ్ళు చెప్పులు ఎందుకు అమ్ముతాను? కానీ ఆ నవ్వు వాడి చెవుల్లో ఉండిపోయింది. అప్పటినుంచి నేను నిలబడితే తప్పు, కూర్చుంటే తప్పు. వచ్చినవాళ్ళు కొనకుండా వెళ్ళిపోతే నా మొహం చూసి వెళ్ళిపోయారంటాడు. కొంటే, ఇంకో జత ఎందుకు అంటగట్టలేకపోయావంటాడు. నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు.

తిరిగి అనడం నాకు చేతకాక కాదు. మా వీధిలో నా నోటికి జడిసి పంపు దగ్గర వరస తప్పేవాళ్ళు లేరు. షాపు షట్టరు దాటగానే ఆ నోరు పడిపోతుంది. ఎందుకు పడిపోతుందో నాకు బాగా తెలుసు.

మా ఆయన ఇరవై రెండేళ్ళు బస్సు నడిపారు. నడుములో పూసలు అరిగిపోయాయి, మళ్ళీ స్టీరింగు ముందు కూర్చుంటే కాళ్ళు పడిపోతాయని డాక్టరు తెగేసి చెప్పాడు. పని మానేసి ఇంటికొచ్చిన రోజు ఆయన నాతో అన్న మాట ఒక్కటే.

"అక్కడ నిన్ను ఎవడన్నా మాట అంటే నాకు చెప్పు. ఆ రోజే మానేద్దువుగాని. నేను మళ్ళీ బండెక్కుతాను."

ఊరికే అనే మనిషి కాదు. ఎక్కుతారు. కాళ్ళు పోయినా సరే, ఎక్కుతారు. అందుకని నేను రోజూ సాయంత్రం ఇంటికొచ్చి కథలు అల్లుతాను. కొత్త మేనేజరు నన్ను నోరారా 'అమ్మా' అని పిలుస్తాడన్నాను. నన్ను అడక్కుండా అరలో ఒక్క పెట్టె కదపడన్నాను. అబద్ధమాడినా అతికినట్టుండాలి కదా, అందుకని మధ్యలో వాడికి ఒకసారి జలుబు చేయించి, నేను చెప్పిన చిట్కాతో తగ్గించాను. మా ఆయన నమ్మి నిశ్చింతగా నడుము వాల్చారు. మా అమ్మాయైతే ఇంకా నమ్మింది. ఎంత మంచివాడమ్మా, నీ అదృష్టం అనేది.

అమ్మాయి చదువు అయిపోయింది. మొదటి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. నల్ల బూట్లు కావాలంది. నేను తెస్తాలే అన్నాను. మా షాపులో పనిచేసేవాళ్ళ బంధువులు వస్తే మేం చూపించకూడదు, పలకరించనూ కూడదు. సంచి వాళ్ళ చెల్లెలు పోయిన నెల వచ్చింది. అక్కాచెల్లెళ్ళు రెండు నిమిషాలు మాట్లాడుకున్నారో లేదో, ఇది షాపా, పుట్టిల్లా అని అడిగి స్కేలు సంచిని ఇంటికి పంపేశాడు. మళ్ళీ రానివ్వలేదు. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెబితే మంచివాడి కథ ఏం కావాలి? ఆ చెప్పకపోవడమే నా కొంప ముంచింది.

బుధవారం మధ్యాహ్నం నేను నిచ్చెన దిగి చూసేసరికి మా అమ్మాయి బెంచీ మీద కూర్చుని ఉంది. శుభ్రంగా తల దువ్వుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని వచ్చింది. నన్ను చూడగానే మొహం వెలిగిపోయింది.

"నేనే వచ్చేశానమ్మా. మీ మేనేజరు గారికి ఒక్కసారి థాంక్స్ చెప్పి వెళ్తాను. నిన్ను అంత బాగా చూసుకుంటున్నారుగా" అంది.

అటూ ఇటూ చూశాను. స్కేలు ఆ చివర గొడుగు మీద ఎగురుతున్నాడు. ఇక్కడ నన్ను అమ్మా అనకు, రూల్సు ఒప్పుకోవు, తెలియనట్టు కూర్చుని బూట్లు చూసుకుని వెళ్ళిపో, మేనేజరు గారు పనిలో ఉన్నారు అని గబగబా చెప్పేశాను. అది ఆట అనుకుంది. కళ్ళు మెరిపించి, సరేనండీ, ఆరో నంబరు చూపిస్తారా అంది. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. తప్పకుండా చూపిస్తానండీ అన్నాను. నాలుగు పెట్టెలు దించి, మూతలు తీసి పక్కన పెట్టి, కింద కూర్చుని దాని కాలికి ఒక బూటు తొడిగాను. బడికి పంపే రోజుల్లో రోజూ తొడిగిన కాలే అది. ఒక్క నిమిషం నాకు సంతోషంగా కూడా అనిపించింది.

"ఏయ్, చెప్పూ!"

నా వెనక నుంచి వచ్చిన కేక అది. అమ్మాయి ఉలిక్కిపడి తలెత్తింది. తననే గద్దిస్తున్నాడనుకుంది. కొత్తగా విన్నవాళ్ళెవరైనా అలాగే అనుకుంటారు.

"ఏం చెప్పాలండీ?" అంది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. మొదటి రోజు నేను అన్న మాటే, అదే గొంతు, అదే తీరు. పోలిక కనిపెట్టేస్తాడేమోనని తల వంచేశాను. వాడికి అంత చూపు ఎక్కడిది? కస్టమరు నొచ్చుకుందేమోనని నిలువునా కరిగిపోయాడు.

"అయ్యయ్యో, మిమ్మల్ని కాదండీ. దీన్ని."

'దీన్ని' అన్నప్పుడు వాడి చేతిలోని స్కేలు నా భుజానికి తగిలింది. అక్కడితో ఆపలేదు. మూతలు నేల మీద పరవడానికి ఇదేమన్నా నీ ఇల్లనుకున్నావా అన్నాడు. ఇన్నేళ్ళుగా ఇక్కడ పడి తింటున్నావు, గాడిదకైనా ఈపాటికి పని వచ్చేది అన్నాడు. ఏమే, చెవులు పనిచేస్తున్నాయా అన్నాడు. నేను మూతలు ఏరాను. ఏరుతున్నంతసేపూ నాకు దాని కాళ్ళే కనిపిస్తున్నాయి. ఒక కాలికి బూటుంది. రెండో కాలి వేళ్ళు సాక్సు లోపల ముడుచుకుపోయాయి. ఆ కాలు నేల మీద ఆనింది. లేవబోతోంది. లేస్తే 'మా అమ్మ' అంటుంది. నేను మూతలు వదిలేసి దాని మడమ పట్టుకుని గట్టిగా నొక్కాను. అది ఆగింది.

స్కేలు గొంతు మళ్ళీ తియ్యగా మారింది. ఏమీ అనుకోకండి మేడమ్, ఇలాంటివాళ్ళతో మాకు రోజూ తలనొప్పే, సరిగ్గా చూపించకపోతే ఇంకొకళ్ళను పిలుస్తాను అన్నాడు. అమ్మాయి గొంతు సవరించుకుని అడిగింది.

"ఆవిడ పేరేంటండీ?"

వాడు నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. తెలియదు. ఏడాదిగా రోజూ తిడుతున్న మనిషి పేరు వాడికి తెలియదు. నా వైపు వంగి, "ఏయ్, నీ పేరేంటి?" అన్నాడు. నేల మీద కూర్చుని, నా కూతురి ముందు, నా పేరు చెప్పాను. వినపడలేదంటే రెండోసారి చెప్పాను. ఎంత తిట్టినా రాని సిగ్గు అప్పుడొచ్చింది. భూమి చీలితే బాగుండుననిపించింది.

"ఆవిడ బాగా చూపిస్తున్నారు. ఆవిణ్ణి ఏమీ అనకండి. ఇవే తీసుకుంటాను" అంది అమ్మాయి.

"మీరు చెప్పారు కాబట్టి ఊరుకుంటున్నాను మేడమ్" అని స్కేలు గొడుగుల వైపు వెళ్ళిపోయాడు.

ఆ బూట్లు బిగుతు. తొడుగుతున్నప్పుడే నా చేతికి తెలిసింది. ఏడో నంబరు తెస్తానే అని మెల్లగా అన్నాను. వద్దండీ, సరిపోయాయి అంది. ఈసారి ఆ 'అండీ'లో ఆట లేదు. పెట్టె పట్టుకుని, నా వైపు చూడకుండా బిల్లు కౌంటరు దగ్గరికి నడిచింది.

సాయంత్రం ఇంటి దారంతా కొత్త అబద్ధం కోసం వెతికాను. వాడికి ఇవాళ ఇంట్లో ఏదో గొడవ అని చెబుదామనుకున్నాను. షాపులో అందరం అలా సరదాగా తిట్టుకుంటామని చెబుదామనుకున్నాను. ఏదీ అతకలేదు. 'దీన్ని' అన్న మాటకు ఏం అతుకు వేస్తాను? ఇంట్లో అడుగుపెట్టేసరికి అమ్మాయి సర్టిఫికెట్లు ఫైల్లో సర్దుకుంటోంది. మా ఆయన నడుము కింద దిండు పెట్టుకుని పడుకుని ఉన్నారు. నేను చెప్పులు విప్పి వంటగది వైపు వెళ్తుంటే రోజూ అడిగినట్టే అడిగారు, ఏమంటున్నాడు మీ మేనేజరు అని.

విననట్టు నడిచాను. గిన్నెలు గలగలలాడించి తప్పించుకుందామనుకున్నాను గానీ, ఇరవై ఏళ్ళకు పైగా కాపురం చేసిన మనిషి ఆయన.

"ఏమైంది? ఏమన్నా అన్నాడా?"

నేను వెనక్కి తిరగలేదు. మంచం కిర్రుమంది. మోచేతి మీద లేచి, రెండు కాళ్ళూ కింద పెట్టారు. నొప్పికి పళ్ళ మధ్య నుంచి ఊపిరి లాగడం వినిపించింది. చెప్పు, ఏమన్నాడో చెప్పు అంటున్నారు. చెబితే రేపు పొద్దున్నే డిపోకి వెళ్తారు.

"ఏమంటాడు నాన్నా? ఇవాళ నేను షాపుకి వెళ్ళానుగా, నా కళ్ళతో చూశాను" అంది అమ్మాయి, ఫైల్లోంచి తల ఎత్తకుండా. "అమ్మను 'అమ్మా' అనే పిలుస్తున్నాడు."

"నిజంగానే?"

"నిజంగానే. నాతో కూడా 'మీరు' అనే మాట్లాడాడు."

మా ఆయన మెల్లగా కాళ్ళు పైకి తీసుకుని, మంచివాడేనన్నమాట అంటూ దిండు మీద వాలారు. నా పిల్ల చేత అబద్ధం ఆడించినందుకు సిగ్గుతో చచ్చిపోయాను. అది అంత బాగా ఆడినందుకు బతికిపోయాను. వెళ్ళి దాన్ని పట్టుకుని ఏడవాలనుంది, కానీ ఆయన చూస్తున్నారు. అమ్మాయి ఫైలు మూసి, రేపు కూడా షాపుకి తొమ్మిదింటికే వెళ్ళాలా అమ్మా అని అడిగింది. తొమ్మిదింటికే అన్నాను.