పున్నమ్మగారి పాస్‌వర్డ్

"ఆ కంప్యూటర్లో నీ పేరు తీసేసి హరి పేరు పెట్టు ప్రసన్నా, రెండు నిమిషాల పనేగా" అన్నారు మా ఆయన, పెసరట్టు తుంచుకుంటూ. ఉప్పు కాస్త తగ్గిందని చెప్పినంత తేలిగ్గా అన్నారు. నేను పెనం ముందు అలాగే నిలబడిపోయాను. రెండో అట్టు మాడింది. దానికి మాత్రం "ధ్యాస ఎక్కడుంది నీకు?" అని విసుక్కున్నారు.

జగ్గయ్యపేటలో మాది మోటారు సైకిళ్ళ షోరూము. బోర్డు మీద 'పున్నమ్మ మోటార్స్' అని ఉంటుంది. పున్నమ్మ చనిపోయిన మా అత్తగారు. రెండువేల ఏడులో కంపెనీ వాళ్ళు మాకొక సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. బండి కొన్న ప్రతి మనిషి ఊరు, ఫోన్ నంబరు, సర్వీసుకి ఎప్పుడు రావాలి, పోయినసారి ఏం ఫిర్యాదు చేశాడు, అన్నీ అందులో ఎక్కించాలి. షోరూముకి నాలుగే అకౌంట్లు. మా మామగారు కనకయ్యగారు కంప్యూటరుకి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, మొదటి అకౌంటు అప్పటికే పోయిన అత్తగారి పేరున తెరిపించారు. ఇంట్లో ఏ కొత్త పని మొదలుపెట్టినా ఇప్పుడు మొదటి పేరు ఆవిడదే. రెండోది ఆయనకి, మూడోది మా ఆయన భవానీప్రసాద్‌కి. ఇద్దరూ వాటిని తెరిచిన పాపాన పోలేదు. నాలుగోది మిగిలిపోయింది కనక నాకొచ్చింది.

నందిగామ కాలేజీలో హాజరు పిలిచినప్పుడు విన్నదే నా పూర్తి పేరు. పెళ్ళయ్యాక ఫోను, గ్యాసు, అన్నీ మా ఆయన పేరునే. శుభలేఖలు కూడా 'భవానీప్రసాద్ దంపతులకు' అనే వస్తాయి. ఆ తెర మీద మాత్రం నేను దిద్దిన ప్రతి వివరం కిందా 'మార్చినవారు: లక్ష్మీప్రసన్న' అని పడేది. ఆ వరుస చూసుకోవడం కోసమే మొదట్లో సరిగ్గా ఉన్నవాటిని కూడా మళ్ళీ దిద్దేదాన్ని. నవ్వితే నవ్వండి.

ఇంటి పని ముగించి, అందరి క్యారేజీలూ సర్దుకుని షోరూముకి వెళ్ళి ఫోన్లు చేసేదాన్ని. మన రైతులు సిమ్ చవగ్గా వస్తే చాలు, నంబరు మార్చేస్తారు. పక్కింటికో, ఎరువుల కొట్టుకో చేసి కొత్త నంబరు పట్టుకోవాలి. పెనుగంచిప్రోలు రత్తయ్యగారి భార్య ఓసారి ఫోనెత్తి, "బ్రేకు సరిగ్గా పట్టట్లేదమ్మా. ఆయన చెప్పడు, నేనే చెప్తన్నా. ఎనక కూచునేది నేనేగా" అంది. ఆ మాట ఉన్నదున్నట్టు ఎక్కించాను. మర్నాడే మెకానిక్కు బ్రేకు బాగుచేశాడు. ఆ రోజంతా నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

పోయిన నెల కంపెనీ ఆఫీసరు కృపారావుగారు ఫోన్ చేశారు. ఎవరి పేరున ఎక్కువ పని జరిగిందో వాళ్ళని విజయవాడలో ఉద్యోగానికి తీసుకుంటారట. మిగతా షోరూముల వాళ్ళకి ఈ పని నేర్పాలి. "ఈ చుట్టుపక్కల మీ పేరే పైన ఉంది మేడమ్" అన్నారు. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరొచ్చని అప్పుడే ఆలోచించేసుకున్నాను. ఏ చీర కట్టుకోవాలో కూడా అనుకున్నాను.

మరిది హరిచరణ్‌కి ఉద్యోగం లేదని సంబంధాలు తప్పిపోతున్నాయి. మా ఆయన బుర్రలో ఈ ఉద్యోగమూ, హరి పెళ్ళీ ముడిపడ్డాయి.

"హరి ఆ కంప్యూటరు ముట్టనైనా ముట్టలేదు కదండీ" అన్నాను.

"అందుకేగా పేరు మార్చమనేది. పేరు మారిస్తే పాత పనంతా ఆ పేరు మీదకే వచ్చేస్తుందని నువ్వేగా చెప్పింది?"

నిజమే, నేనే చెప్పాను. మామగారి పేరు ముందు 'శ్రీ' లేదని ఆయన చిన్నబుచ్చుకుంటే చేర్చాను. వెంటనే యజమానిగా ఆయన పేరు పడిన పాత బిల్లులన్నిట్లోకీ ఆ శ్రీ వచ్చి కూర్చుంది. ఆ వింత నవ్వుతూ ఇంట్లో అందరికీ చెప్పాను.

"కృపారావుగారు నాతోనే మాట్లాడారు..."

"ఆయనకి నేను చెప్పేశాలే. ఫోన్లో మాట్లాడేది మా ఆవిడ, పని చేసేది మా తమ్ముడు అని."

చెయ్యనన్నాను. ఆ రోజు ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. వండిందీ నేనే, పారబోసిందీ నేనే. మామగారు వసారాలో కూర్చుని, "పున్నమ్మ ఉన్నన్నాళ్ళూ నాకు ఒక్క మాట ఎదురు చెప్పలా అమ్మాయ్. అందుకే బోర్డు మీద పెట్టుకున్నా" అన్నారు. షోరూముకి ముందు మాకున్న కిరాణా కొట్టులో అత్తగారు జన్మంతా పప్పులు చెరిగి, చింతపండు పిక్కలు తీసి పొట్లాలు కట్టింది. అప్పటి బోర్డు మీద 'కనకయ్య అండ్ సన్స్' అని ఉండేది.

మర్నాడు పేరు మార్చాను. ఎలా మార్చాలో ఇంట్లో నాకొక్కదానికే తెలుసు మరి. అప్‌డేట్ నొక్కి, రత్తయ్యగారి బండి వివరాలు తెరిచి చూశాను. ఆ బ్రేకు మాట కింద 'మార్చినవారు: హరిచరణ్' అని ఉంది. ఏడుపొచ్చింది. బయట బళ్ళు కడుగుతున్నవాళ్ళు చూస్తారని ఆపుకున్నాను.

హరి ఇస్త్రీ చొక్కా వేసుకుని, "వదినా, వాళ్ళేమన్నా అడుగుతారేమో, కాస్త నేర్పవా" అన్నాడు. నేర్పాను. వాడికి ఉద్యోగం వచ్చింది, సంబంధమూ కుదిరింది. షోరూములో పని మాత్రం నా బల్ల మీదే మిగిలింది.

"ఇక నేను దేంట్లో చెయ్యాలండీ?" అని అడిగాను.

"అమ్మది ఖాళీగానే ఉందిగా. అందులో చేసుకో. అమ్మ మన మధ్యనే ఉన్నట్టుంటుంది" అన్నారు మా ఆయన. మామగారు కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు.

అత్తగారి పేరు కొట్టాను. పాస్‌వర్డ్ నేను పెట్టిందే, వేదాద్రి. ఆవిడ ఎప్పుడూ వెళ్ళాలనుకుని వెళ్ళలేకపోయిన గుడి. తెర తెరుచుకుంది. ఆ పూట సర్వీసుకి పిలవాల్సినవాళ్ళలో మొదటి పేరు రత్తయ్యగారిదే. ఫోన్ చేశాను.

"ఎవరమ్మా, ప్రసన్నమ్మేనా?" అంది ఆయన భార్య.

తెర వైపు చూశాను.

"కాదమ్మా, పున్నమ్మని" అన్నాను.