చెవిలో చెప్పిన నరం

ఆపరేషన్ బల్ల మీద నన్ను పడుకోబెట్టి, తల ఎడమవైపుకి తిప్పి, కుడి మెడ మీద చల్లటి మందేదో రాస్తున్నారు. రాస్తున్నదెవరా అని కళ్ళు పైకెత్తాను. మాస్కు పైన రెండు కళ్ళు కనిపించాయి. చూడగానే గుర్తుపట్టాను. ఎనిమిదేళ్ళ కిందట పరీక్ష హాల్లో ఆ కళ్ళు నా ముందే కుళాయి తిప్పినట్టు కారాయి.

"అయ్యో, బాబాయ్! మీరా?" అంది మత్తు డాక్టరు. "పేరు చూసి కూడా పోల్చుకోలేకపోయాను. మీ పేరు మాకెవరికి తెలుసు గనక!"

నిజమే. మెడికల్ కాలేజీలో శవాలు కోసే హాలుకి నేను అటెండర్ని. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. శవాన్ని తొట్టిలోంచి తీసేదీ నేనే, బల్ల మీద సర్దేదీ నేనే. పరీక్ష రోజున పిల్లలు గుర్తుపట్టి పేరు రాయడానికి ఏ నరానికి దారం కట్టాలో ప్రొఫెసరు చెబితే కట్టేదీ, నిమిషానికోసారి గంట కొట్టి పిల్లల్ని పక్క బల్లకి తోలేదీ నేనే. ప్రొఫెసర్లు బదిలీ మీద వస్తుంటారు, పోతుంటారు. నేను ఉంటాను. అందుకే పిల్లలు నన్ను 'సగం సారు' అంటారు. మిగతా సగం ఎవరో నాకు ఇంతవరకు తెలియదు.

పోయిన వారం ఆ హాల్లోనే జారిపడి కుడి మోచెయ్యి మూడు ముక్కలు చేసుకున్నాను. నేల కడిగింది నేనే, జారింది నేనే. తిట్టుకోవడానికి ఇంకో మనిషి కూడా లేకుండా పోయాడు. పూర్తి మత్తు ఇవ్వడానికి వీల్లేదన్నారు. నా ఊపిరితిత్తుల్ని సగం శవాల తొట్టిలోని మందు ఘాటు తినేసింది, సగం నా సిగరెట్లు తినేశాయి. కాబట్టి మెడలో సూది గుచ్చి, చెయ్యి ఒక్కటే మొద్దుబారేలా చేస్తారట. నేను మాత్రం మెలకువగానే ఉండాలట.

"ఇరవై ఆరేళ్ళ నుంచి మెడలు చూస్తూనే ఉన్నారు, మీ మెడ దగ్గరికొచ్చేసరికి ఇంత భయమేంటి?" అంది మా ఆవిడ, స్ట్రెచర్ తలుపు దాటుతుండగా. చూశాను కాబట్టే భయం. చూడనివాడికేం, హాయిగా పడుకుంటాడు.

కాలర్ ఎముక వెనక వేలితో నొక్కితే ఒక గుంట తగులుతుంది. మూడు వేళ్ళు పట్టే చోటు. అంత ఇరుకులో ఊరంత జనం. స్కేలీన్ అని కండరాలుంటాయి, ముందుదీ, నడిమిదీ. ఆ రెండింటి సందులోంచి చేతికి పోయే నరాల కట్ట బయటికొస్తుంది. దాన్ని ఆనుకుని చేతికి రక్తం మోసే ధమని. ధమని కిందే ఊపిరితిత్తి కొన. సూది అర అంగుళం లోపలికి జారిందంటే దాంట్లో చిల్లే. ఇవన్నీ ఒక ఎత్తు, ఫ్రెనిక్ నరం ఒక్కటీ ఒక ఎత్తు. ముందు కండరం మీద నుంచి దారప్పోగులా కిందికి దిగి, ఛాతీలోకి పోయి, ఊపిరి లాగే డయాఫ్రమ్‌ని ఆడిస్తుంది. అది మొద్దుబారితే ఆ పక్క ఊపిరి పడుకున్నట్టే. మామూలు మనిషయితే రెండో పక్కతో గట్టెక్కుతాడు. నాకు రెండు పక్కలూ కలిపితేనే ఒకటి.

ఆ పరీక్షలో ఏడో బల్ల మీద నేను ఎర్ర దారం కట్టింది సరిగ్గా ఆ నరానికే. ఈ పిల్ల అక్కడికొచ్చి నిలబడి, మెడలోకి చూసి, కాగితంలోకి చూసి, ముక్కు ఎగబీల్చడం మొదలుపెట్టింది. నాకు జాలేసింది. జాలి ఒక్కటే కాదు, ప్రొఫెసరు చెయ్యలేని ఉపకారం నేను చెయ్యగలనన్న గీర కూడా ఉంది. బేసిన్ పట్టుకుని పక్కనుంచి పోతూ "ఫ్రెనిక్" అన్నాను. గబగబా రాసేసింది. నేను గంట కొట్టాను.

అదీ సంగతి. ప్రపంచంలో ఇంతమంది మత్తు డాక్టర్లుండగా, ఆ నరం ఎక్కడుంటుందో తెలియదని నాకు ఖాయంగా తెలిసిన ఒకే ఒక్క మనిషి, సూది పట్టుకుని నా మెడ మీదికి వంగింది.

"దగ్గు వచ్చేట్టుంటే ముందే చెప్పండి బాబాయ్. సూది లోపలుండగా మాత్రం కదలకూడదు."

దొంగదగ్గు దగ్గి లేచిపోదామా అనుకున్నాను. లేచి ఎక్కడికి పోతాను, విరిగిన చెయ్యి వేసుకుని?

ఆమె స్కానింగ్ మెషీన్ ముక్క నా మెడకి ఆనించింది. తెర నాకూ కనిపిస్తోంది. చూశాను. ఏమీ అర్థం కాలేదు. నేనెరిగిన మెడల్లో ధమనికి ఎర్ర రంగు ఎక్కించి ఉంటుంది, సిరకి నీలం. అన్నీ బిర్రబిగుసుకుని, పెట్టినచోట పెట్టినట్టుంటాయి. ఈ తెర మీద అంతా బూడిద రంగు. మధ్యలో ఒక నల్లటి గుండ్రం టపటపా కొట్టుకుంటోంది, దాని చుట్టూ ఏవేవో కదులుతున్నాయి. అది నా మెడ. దాంట్లో ఒక్కదాని పేరు కూడా చెప్పలేకపోయాను. అంత భయం నేను పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ పడలేదు.

ఆగలేకపోయాను. "అమ్మా, ఒక్క మాట. ముందు కండరం మీద ఉండే నరం పేరేంటి?"

పక్కనున్న నర్సు కిసుక్కున నవ్వింది. "పేషెంటే వైవా పెడుతున్నాడే!"

డాక్టరు నవ్వలేదు. "మీరే చెప్పారుగా, ఏడో బల్ల దగ్గర" అంది.

నా మొహం చిన్నబోయింది. ఆమె సూది గుచ్చకుండా తెర మీద వెతుకుతూనే ఉంది. ఎంతసేపటికీ గుచ్చదు. తెలియక వెతుకుతోందనుకున్నాను.

"ఇదిగో, ఇక్కడుంది" అంది చివరికి, ఒక చిన్న చుక్క మీద వేలు పెట్టి. "దీన్ని చూసుకోకుండా నేనిప్పుడు ఎవరికీ సూది వెయ్యను బాబాయ్. మొదట్లో వేశాను. ఒకాయనకి భుజం ఆపరేషను. మీలాగే దగ్గు మనిషి. మందు ఎక్కువ పోసేశాను. పక్కన ఇది ఉంటుందన్న ధ్యాసే లేదు. పరీక్షలో మార్కొచ్చింది కదా, ఇంక మెడ మళ్ళీ చదవలేదు."

సూది దిగింది. చీమ కుట్టినట్టయింది, అంతే. మందు చుక్కచుక్కగా ఎక్కిస్తోంది. వేళ్ళ చివర తిమ్మిరి మొదలై మోచేతి దాకా పాకింది.

"ఆయనకేమైంది?" అన్నాను.

"పది నిమిషాల్లో ఊపిరి అందలేదు. మెషీన్ మీద పెట్టాం. ఇరవై రెండు రోజులు."

"తర్వాత?"

ఆమె సూది బయటికి తీసి దూది అదిమిపట్టింది. "గట్టిగా ఊపిరి పీల్చండి. రెండు పక్కలా అందుతోందా?"

పీల్చాను. అందుతోంది. నిండుగా, రెండు పక్కలా. నేను బతికిపోయాను. ఇంకోసారి "తర్వాత?" అని అడగబోయి మానుకున్నాను. ఆయనకీ ఒక ఆవిడ ఉండే ఉంటుంది, ఆపరేషన్ హాలు తలుపు దాకా వచ్చి ఏదో ఒకటి అనే ఉంటుంది.

పరీక్షల్లో నేను ఈ పిల్ల ఒక్కదానికే చెప్పానా? ఏడాదికి నలుగురో అయిదుగురో. ఎవరు ఏడిస్తే వాళ్ళకి. ఇరవై ఆరేళ్ళు. ఒకడికి ధమని చెప్పాను, ఒకమ్మాయికి సిర చెప్పాను, గుర్తున్నంతలో ఒక్కడూ తప్పలేదు. అందరూ డాక్టర్లయ్యారు. ఏ ఊళ్ళో, ఏ బల్ల మీద, ఎవరి మెడ మీదికి వంగి ఉన్నారో ఈ వేళప్పుడు.

ఎముకల డాక్టరు వచ్చి నా వేళ్ళు గిల్లి చూశాడు. ఏమీ తెలియలేదు. చెయ్యి నాది కానట్టే పడుంది. మిగతా ఒళ్ళంతా వణకడం మొదలైంది.

"చలేస్తోందా బాబాయ్?" అంది ఆమె, దుప్పటి అందుకుంటూ.

"అవునమ్మా" అన్నాను.