పూజకు పెట్టని గన్ను

ఆయుధ పూజ నాడు బత్తలపల్లె నల్లప్ప తన టైర్ల షెడ్డులో, చక్రాల నట్లు విప్పి బిగించే గాలి గన్నుకు కుంకుమ పెట్టాడు. దానికి గాలినిచ్చే కంప్రెసర్‌కు పెట్టాడు. పానాలకు, జాకీకి, ఆఖరికి పంచర్లు చూసే నీళ్ల తొట్టికి కూడా పెట్టాడు. కూతురు గౌతమి వరస చివర ఉంచిన బ్యాటరీ గన్నును మాత్రం తీసి కిటికీలో పెట్టేశాడు.

"రేపు వాపసు పోయేదానికి బొట్టెందుకు?" అన్నాడు.

గౌతమికి ఒళ్లు మండింది. అనంతపురం అంగడాయన్ని బతిమాలి, పనికిరాకపోతే తిరిగిస్తానని చెప్పి తెచ్చిన గన్ను అది. సరదాకి తెచ్చింది కాదు. కొత్త రోడ్డు పడ్డాక బండ్లన్నీ ఊరి బయటి నుంచే పోతున్నాయి. షెడ్డులో తండ్రీ కూతుళ్లిద్దరూ కూచుని ఈగలు తోలుకోవడమే మిగిలింది. బండి ఎక్కడ ఆగితే అక్కడికి మనమే పోవాలి, లేకపోతే షెడ్డు మూసుకోవాలి అని ఆమె చెవినిల్లు కట్టుకుని పోరుతోంది. కంప్రెసర్‌ను చంకనెత్తుకుని పోలేం కదా! నల్లప్ప మాత్రం గాలి గన్ను ముందు ఆ ఆటబొమ్మ ఎంత అనేవాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. గాలి గన్ను చేతికి తేలిక, పొద్దంతా వాడినా సొమ్మసిల్లదు, ఛార్జింగు గొడవ లేదు. కానీ పైపు ఎంతవరకు సాగితే దాని లోకం అంతవరకే. బండ్లేమో ఆ పైపు దాకా రావడం మానేశాయి.

హారతి ఇచ్చి గంట కాలేదు, ఫోను మోగింది. మడకశిర తిప్పేస్వామి గొర్రెలను వేసుకుని పోతుంటే కొత్త రోడ్డు మీద ఆయన పికప్పు టైరు పగిలిందట.

"అన్నా, పానా మీద ఎక్కి నిలబడినా నట్లు కదల్లా. ఈడ నీడ ల్యా. గొర్రెలు నోళ్లు తెరిచినాయి. బిర్నా రాండి!"

నల్లప్ప చెయ్యి పనిముట్ల వైపు పోనేలేదు. పూజకు పెట్టిన పనిముట్టును మరునాడు దశమి పూజ చేసి దించేదాకా ముట్టకూడదు. ఆయన తండ్రి ముట్టలేదు, ఆయనా ఎన్నడూ ముట్టలేదు. "ఈ పొద్దు పనిముట్లు ముట్టేదానికి ల్యా గదప్పా" అని నసిగాడు పాపం.

గౌతమి కిటికీలోని గన్ను తీసి సంచిలో వేసుకుంది.

"దీనికి నువ్వు పూజ చెయ్యల్యా గదా నాయనా. ఇది పనిముట్టే కాదంటివి. నేను పోతాండా."

"పద, నేనూ వస్తా. అది ఏం ఊడబెరుకుతాదో చూస్తా" అంటూ నల్లప్ప స్కూటరు వెనక ఎక్కాడు.

రోడ్డు మీద ఎండ మాడ్చేస్తోంది. తిప్పేస్వామి క్యానులో మిగిలిన నీళ్లు గొర్రెల మీద చిలకరిస్తున్నాడు. గౌతమి చక్రం దగ్గర గొంతుక్కూర్చుని గన్ను పెట్టింది. మొదటి నట్టు టకటకమని వచ్చేసింది. రెండోదీ వచ్చింది. మూడోది మొండికేసింది. గన్ను ఎంత కొట్టినా కదల్లేదు.

"చెప్తి గదా. గాలి గన్నయితేనా..." అన్నాడు నల్లప్ప, కాస్త హుషారుగా.

"ఏమన్నా, పోయిన నెల దీన్ని ఇట్ల బిగించింది నీ గాలి గన్నే గదా!" అన్నాడు తిప్పేస్వామి, మొహమాటం లేకుండా.

గన్నును నట్టు మీద పెట్టి వదలకుండా బిగించడం నల్లప్ప అలవాటు. ఎంత గట్టిగా ఉంటే అంత మంచి పని అని ఆయన నమ్మకం. ఇప్పుడు ఆ గట్టి పనే ఈ మూగజీవాల ప్రాణాల మీదికి వచ్చింది. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి.

గౌతమి తల తిప్పి చూడలేదు. ఈ నట్టు రాకపోతే రేపు గన్ను అనంతపురం పోతుంది, దాని వెంట తన మాటా పోతుంది. ఒకసారి బిగించే వైపు కొట్టింది, వెంటనే విప్పే వైపు మార్చి ఒత్తింది. మళ్లీ అటు, మళ్లీ ఇటు. నట్టు కిర్రుమని తిరిగింది. మిగతావి ఇట్టే వచ్చేశాయి. తిప్పేస్వామి తన జాకీతో బండి లేపాడు.

స్టెప్నీ దొర్లించుకొచ్చింది నల్లప్పే. ఎవరూ అడగలేదు. గౌతమి గన్నుతో నట్లను కొంతవరకే బిగించి, చివర తిప్పేస్వామి పానాతో చేతి బలం చూసుకుంటూ సరిచేసింది. బండి కదిలితే గాలి తగిలి గొర్రెలు కుదుటపడతాయి.

తిప్పేస్వామి ఎక్కబోతూ, "మా పక్క బండ్లోళ్లకంతా చెప్తాన్నా. నీ నంబరే గదా ఇచ్చేది?" అన్నాడు.

గౌతమి తండ్రి మొహంలోకి చూసింది.

"నాది వద్దు" అన్నాడు నల్లప్ప. "షెడ్డుకొచ్చినోళ్లను గాలి గన్నుతో నేను చూసుకుంటా. బండి యాడన్నా నిలబడితే పాప వస్తాది. పాప నంబరు రాసుకో."

గౌతమికి ఆనందంతో ఏడుపొచ్చేసింది, దాచుకోనూ లేదు. ఆమె నంబరులోని అంకెలన్నీ నల్లప్పే తడుముకోకుండా చెప్పాడు.