పిల్లల ఆట

మొదలుపెట్టినప్పుడు కొమురెల్లి చేతిలో ఉన్నవి ఒక డేరా, ఒక పాత ప్రొజెక్టరు, గోదావరిఖని కార్మికుల కాలనీలో మంచి పేరు. ఆడవాళ్లు అతన్ని అన్నా అని పిలిచేవాళ్లు, పిల్లలను తోడు లేకుండా అతని సినిమాకు పంపేవాళ్లు. డెబ్బైల మొదట్లో టూరింగ్ టాకీసు నడిపేవాడికి అంతకన్నా పెట్టుబడి అక్కర్లేదు.

ఆ వేసవి సెలవుల్లో పిల్లలకు పగటి ఆట వేద్దామని, సినిమా పెట్టెలు అద్దెకిచ్చే రహమతుల్లా దగ్గరికి వెళ్లాడు. అక్కడ రెండు జపాను సినిమాలున్నాయి. రెండింటి పోస్టర్ల మీదా మేడలంత జంతువే. చవకగా వచ్చేదాని మీద కొమురెల్లి చెయ్యి వేస్తే రహమతుల్లా ఆపాడు.

"అది పెద్దోళ్లు సూసేది. ఊరంత కాలుతది, మంది సస్తరు. పోరగాండ్లకైతే ఇగో, ఈ రెండోది. ఇందుల జంతువు పిల్లలతోని దోస్తీ చేస్తది."

"జంతువంటే జంతువే గద భాయ్. పోరగాండ్లకేం ఎర్క?"

చవక పెట్టెనే తెచ్చాడు. రిక్షాకు మైకు కట్టించి, ఇది పిల్లల సినిమా, పెద్దలు రానక్కర్లేదని కాలనీ అంతా చాటించాడు. డేరా చుట్టూ నల్లగుడ్డలు కట్టాడు. లోపల పిల్లలు కిక్కిరిసి కూర్చున్నారు. రానివాళ్లకూ ఆశ పుట్టాలని సినిమా చప్పుడు వినిపించే బయటి హార్ను మోత బాగా పెంచాడు.

సగం ఆటలో జంతువు సముద్రంలోంచి లేచింది. తెర మీది పట్నంలో సైరన్ మొదలై, ఆగకుండా మోగింది.

బొగ్గు ఊళ్లో సైరన్ షిఫ్టు మారేటప్పుడు మోగాలి. వేళ కాని వేళ మోగితే బొగ్గుబాయిలో ఏదో కూలినట్టే. కొమురెల్లికి ఆ సంగతి తట్టి హార్ను తీగ పీకేలోపే, ఆడవాళ్లు పొయ్యి మీది కూడు వదిలేసి బాయి వైపు పరుగు తీశారు. డేరా గుడ్డ ఎత్తి చూసిన పిల్లలకు తల్లుల వీపులు కనిపించాయి. కూలిన ఇళ్ల కింద మనుషులను అప్పుడే తెర మీద చూసినవాళ్లు, ఏడుస్తూ వెంటపడ్డారు.

గేటు దగ్గర కాపలావాడు ఏమీ కాలేదని ఎంత మొత్తుకున్నా, షిఫ్టు దిగి మనుషులు పైకొచ్చేదాకా ఒక్కతీ కదల్లేదు.

సాయంత్రం లింగవ్వ కూతుర్ని చంకనేసుకొని వచ్చింది. నిరుడు ఆమె మరిది బాయిలోనే పోయాడు. తిడుతుందనుకున్నాడు కొమురెల్లి. ఆమె తిట్టలేదు.

"పిల్లల సినిమా కాదని నీకు ముందే ఎర్కనా, అన్నా?"

తెలియదంటే గడిచిపోయేది. ఆ పిల్ల ఇంకా వణుకుతోంది.

"ఎర్కే," అన్నాడు తల దించుకొని.

"వీళ్లయ్య పైకొచ్చినంక గూడ ఇది నా కొంగు ఇడుస్తలేదు," అని ఆమె వెళ్లిపోయింది.

తర్వాతి వారం కొమురెల్లి ఎక్కువ అద్దె పోసి ఆ రెండో పెట్టె తెచ్చాడు. చాటింపు వేయలేదు, హార్ను విప్పి పక్కన పెట్టాడు. ఎవరూ రారనుకున్నాడు. అందరూ వచ్చారు. ఈసారి ప్రతి పిల్ల పక్కనా తల్లి, తానూ టికెట్టు కొనుక్కొని కూర్చుంది. జంతువు చేసే కోతి చేష్టలకు పిల్లలు విరగబడి నవ్వారు.

గల్లా ఎన్నడూ లేనంతగా నిండింది. లెక్క ఎటు తిప్పి చూసినా లాభమే. టికెట్లు చింపి ఇచ్చినంతసేపూ అతన్ని ఒక్కరూ అన్నా అనలేదు. అతడూ ఎవరి ముఖంలోకీ చూడలేదు.